కొత్త నల్ల కోటింగ్ కింద ఏముంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం మధురవాడ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా ఆయన గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు, కంపెనీ బస్సులోనే రాకపోకలు. ఇద్దరు పిల్లలు. మోకాళ్ల నొప్పులున్న మా మావయ్యగారు మాతోనే ఉంటారు. నన్నూ పిల్లల్నీ నాలుగు కిలోమీటర్ల దూరంలోని స్కూలుకి చేర్చడానికి, మావయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి, నెలకోసారి నరసన్నపేట దగ్గర మా ఊరికి వెళ్లిరావడానికి కారు కావాలి. అన్నీ కలిపి నెలకి 500 కిలోమీటర్లు దాటదు. నాలుగు లక్షలు కూడబెట్టాం. లాసన్స్ బే కాలనీలో ఒక స్విఫ్ట్ డీజిల్, వీడీఐ, చూశాం. 2013 డిసెంబర్ తయారీ, 2014 జనవరి రిజిస్ట్రేషన్, ఏపీ 31 నంబరు. 86 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇద్దరు ఓనర్లు మారారు. 3 లక్షల 30 వేలు చెప్తున్నారు. మేం వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచారు, ఇంజిన్ శబ్దం బాగానే అనిపించింది. కింద అంతా కొత్తగా అండర్ కోటింగ్ (తుప్పు పట్టకుండా అడుగున పూసే నల్ల పూత) కూడా చేయించారు. డీజిల్ అయితే మైలేజీ వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. అయిదు వేలు టోకెన్ ఇచ్చాం. ఈ బండికి మామూలుగా వచ్చే సమస్యలేంటి? రిపేర్లకి ఎంతవుతుంది? తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, టోకెన్ ఇచ్చి కూర్చున్నారు కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. ఈ బండి వదిలేయండి. స్విఫ్ట్ చెడ్డ బండి కాదు. ఆ డీజిల్ ఇంజిన్‌ని వేళకి ఆయిల్ మార్చి చూసుకున్నవాళ్లు రెండు లక్షల కిలోమీటర్లు దాటించడం నేను కళ్లారా చూశాను. కానీ మీరు తిరిగే తిరుగుడికి డీజిల్ పొసగదు. అంతకంటే ముందు నన్ను ఆపింది మాత్రం మీరు మంచి గుణంగా రాసిన మాటే, కింద అంతా కొత్తగా కోటింగ్ చేయించారన్నది.

పదేళ్లు దాటిన బండిని అమ్మేముందు ఎవరైనా ఏం చేయిస్తారు? కడిగిస్తారు, పాలిష్ పెట్టిస్తారు, సీటు కవర్లు మారుస్తారు. అన్నీ కంటికి ఆనే పనులు. కొనేవాళ్లు వంగి చూడని చోట డబ్బు ఖర్చు పెట్టారంటే, అక్కడ కనపడకూడనిది ఏదో ఉందేమోనని నా అనుమానం. అనుమానమే, రుజువు కాదు. బండి మీద మమకారంతో చేయించి ఉండొచ్చు కూడా. అయితే అలాంటి మమకారం ఉన్నవాళ్లు బండి కొన్న కొత్తలోనే ఆ పని చేయించి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయిస్తుంటారు, ఆ బిల్లులు దాచుకుంటారు. తుప్పు రేకు మీద కోటింగ్ కొడితే తుప్పు ఆగదు. తడి లోపలే చిక్కుకుని, ఆ చాటున ఇంకా తొందరగా తింటుంది.

మన ఊళ్లో పాత బండి చూసేటప్పుడు మీటర్లో కిలోమీటర్ల కంటే ముందు నేను అడిగేది ఒకటుంది: రాత్రిళ్లు బండి ఎక్కడ పెట్టేవారు? లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు, మేడ మీది ఏసీ యూనిట్లు ఏమవుతాయో మీకు తెలుసు. అదే ఉప్పుగాలి కారు రేకుల సందుల్లోకీ పోతుంది. సెల్లార్‌లో ఉన్న బండి కొంత నయం. వీధిలో సముద్రం వైపు మూతి పెట్టి పదేళ్లు నిలబడిన బండికి తలుపుల అడుగు అంచులు, చక్రాల పైన వంపులు, కాళ్ల దగ్గర ఫ్లోర్, వెనక సస్పెన్షన్ బిగించిన చోట్లు, బ్రేక్ పైపులు, సైలెన్సర్ వరసగా పోతాయి. ముందు భాగంలో ఏసీ కండెన్సర్ రెక్కలు చేత్తో తాకితే పొడిగా రాలతాయి.

ఈ బ్రేక్ పైపుల మాట ఊరికే రాయలేదు. 2015లో సముద్రానికి దగ్గరలో ఉండేవాళ్ల నుంచి నేనొక పాత కారు కొన్నాను. పైన రంగు అద్దంలా ఉండేది. కొన్న మూడో నెలలో అమ్మని తీసుకుని అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటాక, ఇంకా ఘాట్ ఎక్కకముందే, బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోవడం మొదలైంది. హ్యాండ్ బ్రేక్ లాగి పక్కకి ఆపుకున్నాను. దగ్గర్లోని షెడ్డులో పెద్దాయన బండి కిందికి దూరి, వెనక చక్రానికి వెళ్లే పైపుని రెండు వేళ్లతో నలిపితే అది అప్పడంలా విరిగింది. ద్రవం అంతా అక్కడి నుంచే కారిపోయింది. ఆయన అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "ఇంజిన్ పోతే దించి బాగుసేత్తాం బాబూ, నేల పోతే ఏటి సేత్తాం?" అదే పెడల్ అనంతగిరి మలుపుల్లో, అమ్మ పక్కన కూర్చుని ఉండగా దిగిపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. మీరు ఆ కారులో పిల్లల్ని కూర్చోబెడతారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈ బండి కాకపోయినా రేపు ఇంకో బండిని చూస్తారు కదా, కింద ఎలా చూడాలో తెలుసుకోండి. అమ్మేవాళ్లు చెప్పిన షెడ్డుకి కాకుండా మీకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లి, లిఫ్ట్ మీద ఎక్కించమనండి. కిందికి వెళ్లి స్క్రూడ్రైవర్ పిడితో రేకుని తట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు ఠంగుమంటుంది. తిన్న రేకు చప్పగా, దబ్‌మని పలుకుతుంది. లోపల మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడండి. డిక్కీలో స్టెపినీ తీసి ఆ గుంట చూడండి. తలుపుల అడుగు అంచున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోయిన తలుపు లోపలి నుంచి కుళ్లుతుంది. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. పలచటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతుంటే, లప్పం మందంగా పెట్టిన చోట పట్టు వదిలేస్తుంది. పైన పటారం లోన లొటారం బండ్లు ఆ అయస్కాంతానికి దొరికిపోతాయి.

ఇంకో సంగతి. మన విశాఖ ఏపీ 31 నంబరుతో 2014 అక్టోబర్‌కి ముందు రిజిస్టరైన బండి ఏదైనా, అప్పటికి ఈ ఊళ్లోనే ఉంటే, హుద్‌హుద్ తుపానుని చూసినట్టే. ఆ నెల 12న గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా వీచిన గాలికి చెట్లు, హోర్డింగులు, ప్రహరీలు ఎన్ని కార్ల మీద పడ్డాయో ఆ రోజు ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోరు. బీమా డబ్బుతో చాలా బండ్లు చక్కగా బాగయ్యాయి. కొన్నిటికి మాత్రం పైకప్పు సాపు చేసి, టింకరింగ్ మీద రంగు కొట్టి వదిలేశారు. అద్దాలన్నిటి మూలల్లో తయారీ ముద్ర చూడండి. ఒకటి రెండు అద్దాలు వేరే కంపెనీవో, వేరే ఏడాదివో అయితే ఎందుకు మార్చారో అడగండి. పైకప్పు లోపలి గుడ్డ అంచు కొంచెం లాగి చూస్తే తట్టి సరిచేసిన గుర్తులు కనిపిస్తాయి. అలాగే 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదలో ఎన్నో కార్లు మునిగాయి. నీట మునిగిన బండి కడిగి ఆరబెట్టి ఇంకో ఊళ్లో అమ్మకానికి రావడం వింత కాదు. విజయవాడ వైపు ఏపీ 16 నంబరైనా, అప్పుడు ఆ ఊళ్లో తిరిగిన మరే నంబరైనా, సీటు బెల్టుని చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. ఏసీ వేసి మొదటి గాలి వాసన పట్టండి.

ఇక మీరడిగిన డీజిల్ సంగతి. ఆ తరం స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ తయారీ పరిజ్ఞానంతో వచ్చిన 1248 సీసీ ఇంజిన్. గట్టిది, పొదుపైనది. దాని ప్రాణమంతా ఇంజిన్ ఆయిల్‌లో ఉంది. టైమింగ్ బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. ఆయిల్ మార్చకుండా సాగదీస్తే చైన్ సాగుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ అరుగుతుంది. చల్లటి ఇంజిన్‌ని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు వస్తే జబ్బు మొదలైనట్టు. ఇంజిన్ వేడెక్కాక ఆ చప్పుడు వినపడకపోవచ్చు. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచారన్నారు చూశారా, నాకు నచ్చని రెండో విషయం అదే. ఏ బండినైనా తెల్లవారుజామున ఆరున్నరకి వస్తాం, మేం వచ్చేదాకా తాళం తిప్పొద్దని చెప్పి వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

చైన్ కిట్టు, కూలీ కలిపి బయటి షెడ్డులో 15 నుంచి 20 వేల దాకా పెట్టుకోవాలి. నేను చెప్పేవన్నీ సుమారు లెక్కలే. ఆటోనగర్‌లో ఒక రేటు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకో రేటు ఉంటాయి. పైగా ఒరిజినల్ సామాను వేస్తున్నారా, వేరేదా అన్నదాన్ని బట్టి మారతాయి. క్లచ్ సెట్టు పది వేల పైమాటే. ఈ డీజిల్ 2,000 ఆర్‌పీఎం దాటేదాకా బద్ధకంగా ఉంటుంది, ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద పాకించే అలవాటున్నవాళ్లు ప్లేటు తొందరగా అరగదీస్తారు. ఎండాడ ఎత్తు మీద మూడో గేరులో ఒక్కసారి యాక్సిలేటర్ తొక్కి చూడండి. ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో పోతే రీకండిషన్‌కే 15 వేల పైన, కొత్తదైతే దాని రెట్టింపు అనుకోండి. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగు, కొత్తవి ఒక్కోటి పది వేలు దాటతాయి. స్టీరింగ్ ర్యాక్ టకటకలు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, ముందు షాక్ అబ్జార్బర్లు ఈ వయసు స్విఫ్ట్‌లన్నిటికీ వచ్చేవే. అన్నీ కలిపి ఒకేసారి చేయిస్తే 12 నుంచి 18 వేలు. ఇవి భయపడాల్సినవి కాదు, బేరంలో తగ్గించుకోవాల్సినవి. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. 3219 అంటే 2019లో 32వ వారం. ఆరేళ్లు దాటిన టైర్లైతే, గాట్లు ఎంత లోతుగా ఉన్నా నాలుగూ మార్చాలి. అదో 18 వేలు.

మీ తమ్ముడి మైలేజీ మాట ఇప్పుడు లెక్క వేద్దాం. నెలకి 500 కిలోమీటర్లు. అందులో సగం స్కూలుకి, ఆస్పత్రికి. నాలుగేసి కిలోమీటర్ల ప్రయాణంలో డీజిల్‌కి లీటరుకి 16 వస్తే గొప్ప. లీటరు 96 రూపాయలనుకుంటే నెలకి మూడు వేలు. పెట్రోల్ బండి 13 ఇచ్చిందనుకోండి, లీటరు 108 చొప్పున నెలకి 4,150. తేడా నెలకి 1,150, ఏడాదికి సుమారు 14 వేలు. ఒక్క ఇంజెక్టర్ అడ్డం తిరిగితే ఏడాది పొదుపూ దానికే సరి. అక్కడితో అయిపోదు. డీజిల్ ఇంజిన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తూ ఉంటే మసి కాలిపోదు. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, గాలి వెళ్లే మార్గం మసితో పూడుకుపోతాయి. పికప్ పడిపోతుంది, నల్లపొగ వస్తుంది. రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లొచ్చే మనిషి ఈ ప్రశ్న అడిగి ఉంటే నేను డీజిలే తీసుకోమనేవాణ్ని. మీ ఆయన కంపెనీ బస్సు ఎక్కుతున్నారు, మీ స్కూలేమో వీధి చివరున్నంత దూరం.

ఎవరైనా ఆ బండి కొంటారేమో, వాళ్లకి ఉపయోగపడుతుంది కాబట్టి ఇదీ రాస్తున్నాను. 2013 నవంబర్ 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 మధ్య తయారైన ఎర్టిగా, స్విఫ్ట్, డిజైర్ కార్లు 1,03,311 మారుతి సుజుకీ వెనక్కి పిలిపించింది. ఇంధనం పోసే గొట్టంలో లోపం. ట్యాంకు ఆటో కట్ఆఫ్ దాటి నింపితే ఇంధనం కారి వాసన వచ్చే అవకాశం ఉండడంతో ఉచితంగా మార్చి ఇచ్చారు. మీరు చూసిన బండి సరిగ్గా ఆ నెలల్లోదే. ఛాసిస్ నంబరుతో ఏ మారుతి సర్వీస్ సెంటర్‌లో అడిగినా ఆ పని జరిగిందో లేదో చెప్తారు. అక్కడే పాత సర్వీస్ రికార్డు కూడా అడగాలి. 2019లో లక్ష దాటి నమోదైన బండికి ఇప్పుడు మీటర్లో 86 వేలు ఉంటే మీటర్ తిప్పారన్నమాట. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీది అరుగుదల కూడా అసలు సంగతి చెప్తాయి.

కాగితాల విషయం క్లుప్తంగా. సొంత కారు ఆర్సీ 15 ఏళ్లే. ఈ బండికి 2029 జనవరితో గడువు తీరుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి అయిదేళ్లకి పొడిగించుకోవాలి. కింద రేకు తిన్న బండి ఫిట్‌నెస్‌కి వెళ్లాలంటే ముందు వెల్డింగ్ షెడ్డుకి వెళ్లాలి. ఆర్సీ మీద బ్యాంకు పేరుంటే, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. బదిలీకి ఫారం 29, 30. చలాన్లు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి. బీమా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషికి చెందినది, బండితో రాదు. దాన్ని చూపించి ధర పెంచితే ఒప్పుకోకండి.

మరి ఏం కొనాలి? పెట్రోల్. నాలుగు లక్షలున్నాయి కదా, బండికి మూడు లక్షల ఇరవై దాటకండి. మిగిలిన ఎనభైలో బదిలీ, బీమా పోగా కనీసం 50 వేలు మొదటి ఏడాది రిపేర్లకి బ్యాంకులోనే ఉంచండి. పాత కారు ధరలో ఆ సొమ్ము కూడా భాగమే. దాన్ని కూడా బండి మీదే పెట్టేసినవాళ్లు మొదటి క్లచ్ దగ్గరే చేబదులుకి తిరుగుతారు. స్విఫ్ట్ అంటే ఇష్టమైతే అందులోనే 1.2 పెట్రోల్ చూడండి. టర్బో లేదు, ఖరీదైన ఇంజెక్టర్లు లేవు. ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, ఇంజిన్ మౌంటింగులు, మామూలుగా వచ్చేవి ఇవే. క్లచ్ కూడా డీజిల్ కంటే చవక. హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 పెట్రోల్ కూడా చూడదగ్గదే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత బండ్లు దానికోసం చేసినవి కావు. మైలేజీ కాస్త తగ్గుతుంది. కొన్న వెంటనే ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్లు ఒకసారి చూపించండి. ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్ వైపు తప్పనిసరి అయింది 2019 జూలైలోనే. అంతకు ముందు చాలా బండ్లలో కింది వేరియంట్లకి ఉండేది కాదు. ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న పై వేరియంట్ దొరికితే, ఇరవై వేలు ఎక్కువైనా, ఒక ఏడాది పాతదైనా దానికే నా ఓటు.

నా మొదటి ఎంపిక మాత్రం వ్యాగన్ ఆర్. మీ ఉత్తరంలో మావయ్యగారి మోకాళ్ల గురించి ఒక్క ముక్కే రాశారు, కానీ బండి ఎంచడంలో అది పెద్ద విషయం. స్విఫ్ట్‌లో సీటు కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోకి కూలబడాలి, లేచేటప్పుడు ఎవరో చెయ్యందించాలి. వ్యాగన్ ఆర్ సీటు ఎత్తు దాదాపు కుర్చీ ఎత్తు. నడుం ఆనించి పక్కకి తిరిగితే చాలు. చూడడానికి పెట్టెలా ఉందని మీ తమ్ముడు అనొచ్చు. ప్రతిసారీ ఎక్కి దిగాల్సింది మావయ్యగారు.

టోకెన్ సంగతి. ఫోన్ చేసి, బండిని లిఫ్ట్ మీద చూపిస్తారా, కోటింగ్ నాలుగు చోట్ల గీకి చూడనిస్తారా అని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వం అని వాళ్లంటే అయిదు వేలు పోయాయనుకుని వచ్చేయండి, అంతకు పదింతలు మిగిలినట్టే. ఒప్పుకుని, కింద రేకు నిజంగా శుభ్రంగా ఉన్నా, డీజిల్ మీకు కుదరదన్న నా మాట మారదు. అప్పుడు మాత్రం నిజాయితీగా చూపించినవాళ్లకి థ్యాంక్స్ చెప్పి, నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగే మీ బంధువులెవరికైనా ఆ బండి గురించి చెప్పండి.

తర్వాత చూడబోయే బండి దగ్గరికి మావయ్యగారిని కూడా తీసుకెళ్లండి. బేరం మాట్లాడకముందే ఆయన్ని ముందు సీట్లో రెండుసార్లు, వెనక సీట్లో రెండుసార్లు ఎక్కి దిగమనండి. ఆయన ఏ సీటు దగ్గర తలుపు పట్టుకుని ఆగారో గమనించండి.